పద్ధతి తేలేవరకు కంజి బంద్

కాకినాడలో పాత ఓడరేవు గోడౌనుకి సున్నం కొట్టి, దాని మీద "తూర్పు దేశ భాషా నైపుణ్య కేంద్రం" అని బోర్డు తగిలిస్తే ఊళ్ళో ఎవరూ కాదనలేదు. అంతకుముందు అందులో ఎరువుల బస్తాలుండేవి. ఇకమీదట నర్సులుంటారు. జపాన్‌లో ముసలివాళ్ళు ఎక్కువయ్యారు, చూసుకునేవాళ్ళు తక్కువయ్యారు. మన దగ్గర నర్సింగు చదివినవాళ్ళున్నారు, తగిన ఉద్యోగాలు లేవు. వీళ్ళకి భాష నేర్పి అక్కడికి పంపిస్తే రెండు దేశాలూ బాగుపడతాయని పైన ఎవరికో తోచింది. తోచడం వరకూ అది మంచి ఆలోచనే.

నేర్పడానికి హైమవతిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఆవిడ చెన్నై దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో జపాన్ ఇంజనీర్లకీ మన కార్మికులకీ మధ్య ఏళ్ళ తరబడి నిలబడి, వాళ్ళ తిట్లు వీళ్ళకి మర్యాదగానూ, వీళ్ళ తిట్లు వాళ్ళకి మరింత మర్యాదగానూ అనువదించిన మనిషి. ఓపికకి లోటు లేదు. లోపల ఏమనుకుంటున్నదీ ముఖం మీద కనబడకుండా చూసుకోవడం కూడా ఆ ఉద్యోగంలోనే అబ్బింది.

జపాన్ వాళ్ళకి మూడు లిపులు. మొదటి రెండూ మన అక్షరమాల లాంటివే, కూర్చుంటే వచ్చేస్తాయి. మూడోదాని పేరు కంజి. చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి రాత. ఒక్కో అక్షరం ఒక్కో అర్థం చెబుతుంది, అలాంటివి వేలకొద్దీ ఉంటాయి. ఆస్పత్రిలో మందు సీసా మీదా, మంచం మీదా, తలుపు మీదా ఉండేది అదే. అది రానివాళ్ళని అక్కడ ఆస్పత్రి గేటు దాటనివ్వరు.

కంజి మొదలుపెట్టిన రోజున హైమవతి బోర్డు మీద ఒక అక్షరం రాసింది.

"ఇటున్నది మనిషి. అటున్నది చెట్టు. మనిషి వెళ్ళి చెట్టుకి చేరగిలబడ్డాడు. అంటే ఏం చేస్తున్నట్టు?"

"పని ఎగ్గొట్టీసినాడండి," అన్నాడు సింహాచలం. అతనిది పలాస. క్లాసులో ఉన్న ఒకే ఒక్క మగ నర్సు.

"దగ్గరికొచ్చావు. విశ్రాంతి."

అందరూ నవ్వారు. ముందు బెంచీలో ఎస్తేరు కూడా నవ్వింది గానీ, నవ్వుతూనే ఆ అక్షరాన్ని అరచేతిలో వేలితో గీసుకుంది. ఆమెది అమలాపురం దగ్గర. జపాన్ వాళ్ళు పెట్టిన వయసు హద్దు ఆమెకి ఈ ఏడాదితో దాటిపోతుంది. వానాకాలంలో వాళ్ళు వచ్చి ఎంచుకుంటే ఎంచుకున్నట్టు. లేకపోతే మళ్ళీ రాజమండ్రి ఆస్పత్రికే పోవాలి. అక్కడ డాక్టరుగారి పేషెంట్లకే కాదు, డాక్టరుగారి కుక్కకి కూడా ఆమే ఇంజక్షన్లు చేసేది.

సరిగ్గా అప్పుడే డైరెక్టర్ చక్రపాణి గారు తనిఖీకి వచ్చారు. ఆయన ఇంతకుముందు మత్స్యశాఖలో ఉండేవారు. అంతకుముందు చేనేత. శాఖ ఏదైనా భాష మాత్రం ఒకటే. ఇంట్లో ఉప్మా బాగుంటే "సదరు ఉప్మా సంతృప్తికరం" అనేవారని చెప్పుకుంటారు. ఆయన వెనకాల ఇద్దరు సలహాదారులున్నారు. ఒకరు రిటైరైన ప్రొఫెసర్ పరబ్రహ్మం గారు. రెండోవాడు బెంగుళూరు నుంచి వచ్చిన కుర్ర కన్సల్టెంటు, రిత్విక్.

పరబ్రహ్మం గారు బోర్డు వైపు చూసి కళ్ళజోడు తీశారు. "ఏమిటమ్మా ఈ కథలు? మనిషిట, చెట్టుట. ఒక్కో అక్షరం వెయ్యిసార్లు రాయించు. వేళ్ళు కాయలు కాస్తే అక్షరం అదే వస్తుంది. నేను సంస్కృతం అలాగే నేర్చుకున్నాను."

"సార్, అది అవుట్‌డేటెడ్," అన్నాడు రిత్విక్. "స్టోరీ మెథడే కరెక్ట్. కానీ మేడం చెప్పిన స్టోరీ స్టాండర్డైజ్ అవలేదు. ఏ చెట్టు? మనిషి మగా ఆడా? చేరగిలబడింది ఎడం భుజమా కుడి భుజమా? ప్రతి స్టూడెంట్ మైండ్‌లో ఒకే చెట్టు ఉండాలి. లేకపోతే డేటా పనికిరాదు."

"చెట్టే అక్కర్లేదంటుంటే!"

"చెట్టు లేకపోతే మనిషి దేనికి చేరగిలబడతాడు సార్?"

"అసలెందుకు చేరగిలబడాలయ్యా? కూర్చుని రాయమను!"

ఇద్దరూ అలా అరుచుకుంటుంటే చక్రపాణి గారు చెయ్యెత్తారు. రెండు పక్షాల్లోనూ ఎవరికీ కోపం రాకుండా మూడో పని చెయ్యడం ఆయనకి ఉద్యోగరీత్యా అలవాటు.

"సమస్య మౌలికమైనది," అన్నారు. "పద్ధతి నిర్ణయం కాకుండా అక్షరం నేర్పడం విధాన విరుద్ధం. తప్పుడు పద్ధతిలో సరైన అక్షరం నేర్చుకుంటే బాధ్యత ఎవరిది?"

ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీదికి ఉత్తర్వు ఎక్కింది. "కంజి అభ్యసన పద్ధతి ఖరారగు వరకు, కంజి బోధన మరియు కంజిని ఉద్దేశపూర్వకంగా గుర్తుపట్టుట తాత్కాలికంగా నిలుపుదల చేయడమైనది."

మర్నాడు హైమవతి ఆయన గదికి వెళ్ళింది. "మరి క్లాసులో ఏం చెప్పమంటారు సార్?"

"పద్ధతులు చెప్పండి," అన్నారు చక్రపాణి గారు.

"ఏం నేర్చుకునే పద్ధతులు?"

"కంజి."

"కంజి లేకుండానా?"

"మేడం, ఈత నేర్పేవాడు ముందు నీళ్ళలో దింపుతాడా, గట్టు మీద నిలబెట్టి చెబుతాడా?" ఆయన మత్స్యశాఖలో చాలాకాలం గట్టు మీదే ఉన్నారు.

అలా మొదలైంది. గోడల మీదున్న చార్టులకి పాత వార్తాపత్రికలు అంటించారు. పద్ధతి తేలకముందే అక్షరం కంట్లో పడితే విద్యార్థి కలుషితుడవుతాడని రిత్విక్ చెప్పాడు. నిఘంటువులు బీరువాలోకి పోయి తాళం పడింది. జపాన్ నుంచి వచ్చిన నూడుల్స్ పొట్లాల మీద కాగితం అంటించాకే లోపలికి రానిచ్చారు. అటెండరు ఆ కాగితం అంటించేటప్పుడు తను కూడా కలుషితుడవుతున్నాడేమో అని కళ్ళు మూసుకుని అంటించేవాడు. సగం కాగితాలు అతని చొక్కాకే అంటుకునేవి.

పిల్లల్ని రెండు వర్గాలు చేశారు. రాత వర్గం, కథ వర్గం. శనివారం శనివారం చర్చ. వెయ్యిసార్లు రాయడం వల్ల కలిగే క్రమశిక్షణ గురించి ఒకరు గొంతు చించుకుంటే, ఊహాశక్తి గురించి ఇంకొకరు బల్ల గుద్దేవారు. గెలిచిన వర్గానికి స్టీలు గిన్నెలిచ్చేవారు. రెండు నెలలు తిరక్కుండా ఆ నర్సులు ఎంత ఆరితేరారంటే, రక్తపోటు చూడమంటే కూడా ముందు చూసే విధానాల మీద పీఠిక చెప్పేవారు. రాత వర్గం వాళ్ళు పసుపు రిబ్బన్లు కట్టుకున్నారు. కథ వర్గం వాళ్ళు, పసుపు దొరక్క, గులాబీ. మెస్సులో పక్కపక్కన కూర్చోవడం మానేశారు. ఒకామెకి సంబంధం చూడ్డానికొచ్చిన పెళ్ళికొడుకుని "మీరు రాతా, కథా?" అని అడిగిందట. అతను తెల్లబోయి, తలరాత అన్నాడట.

ఒకరోజు ఎస్తేరు క్లాసయ్యాక ఆగిపోయింది. "మేడం, మొన్న చర్చలో నేను పావుగంట మాట్లాడానండి. గిన్నె కూడా వచ్చింది. గదికెళ్ళి చూసుకుంటే నాకు వచ్చిన అక్షరం ఒక్కటే. ఆ చెట్టు కింద మనిషి."

హైమవతికి నవ్వొచ్చింది గానీ నిలవలేదు. ఫ్యాక్టరీలో తిట్లని కూడా అవతలివాడికి అందించిన మనిషి. ఇక్కడేమో అందించడమే నేరం.

"పొద్దున్నే బీచ్‌కి నడకకి వెళ్తుంటాను," అంది. "మీరూ రావచ్చు. ఆరోగ్యానికి మంచిది."

మర్నాడు ఇద్దరొచ్చారు. ఆ పై వారానికి పసుపూ గులాబీ తేడా లేకుండా అందరూ వచ్చారు. హైమవతి తడి ఇసుక మీద చెప్పు మొనతో అక్షరాలు గీసేది. కొన్నిటికి కథ చెప్పేది. కథ కుదరని వాటిని పదేపదే గీయించేది. రెండూ కుదరకపోతే బూతుకి దగ్గరగా ఉండే మాటేదో చెప్పేది, అది జన్మలో మర్చిపోయేవారు కాదు.

"పైన గడ్డి. కింద హాయి. గడ్డి తింటే హాయిగా ఉంది. ఏమిటది?"

"గంజాయండి," అన్నాడు సింహాచలం.

"మందు."

"అదేనండి నానన్నది కూడా."

అల వచ్చి మందుని తుడిచేసేది. సాక్ష్యం సముద్రంలో కలిసిపోయేది. హైమవతి ఇంకో అక్షరం గీసేది. పెద్ద గొడవేమీ లేకుండా వానలు దగ్గరపడ్డాయి.

గొడవ మంచం వల్ల వచ్చింది. జపాన్‌లో ఏదో వృద్ధాశ్రమం వాళ్ళు కేంద్రానికి కరెంటు మంచం ఒకటి బహుమతిగా పంపారు. మీట నొక్కితే తల వైపు లేస్తుంది, కాళ్ళ వైపు లేస్తుంది. చక్రపాణి గారు దాని మీద పడుకుని ఫొటో తీయించుకోవాలనుకున్నారు. పడుకున్నారు. రిత్విక్ ఏదో మీట నొక్కాడు. తల వైపు లేచింది. కాళ్ళ వైపు కూడా లేవడం మొదలుపెట్టింది. డైరెక్టర్ గారు చిరునవ్వుతో, నెమ్మదిగా, మసాలా దోసెలా మడత పడసాగారు.

"ఆపండి," అన్నారు గంభీరంగా. కాసేపటికి మోకాళ్ళ మధ్య నుంచి "ఆపండ్రా!" అని వినిపించింది.

మీటల మీద కంజి ఉంది. పరబ్రహ్మం గారు వాటిని చూసి, కాగితం ఇస్తే రాసి చూస్తానన్నారు. రిత్విక్ ఫోన్ తీసి యాప్ డౌన్‌లోడ్ పెట్టాడు. ఇంతలో సింహాచలం దూరం నుంచి చూసి, పరుగెత్తుకొచ్చి ఒక మీట నొక్కాడు. మంచం ఆగింది.

"మనిసి సత్రం కాడ నిలబడ్డాడండి," అన్నాడు రొప్పుతూ. "అంటే ఆగడం."

చక్రపాణి గారిని నలుగురూ కలిసి విప్పారు. ఆయన చొక్కా సర్దుకుని, ఊపిరి తీసుకుని, తనని కాపాడినవాడి వైపు చూశారు.

"ఆ అక్షరం నువ్వు ఏ పద్ధతిలో చదివావు?"

సింహాచలం నోరు తెరిచి, హైమవతిని చూసి, మూసేశాడు. ఆ మూయడమే సరిపోయింది. సాయంత్రానికి ఆవిడకి ఛార్జి మెమో వచ్చింది. "నిషేధ కాలంలో విద్యార్థులకు అక్షర జ్ఞానం కలిగించినట్లు విశ్వసనీయ ఆధారము లభించినది." నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది, ఇంకే కేంద్రంలోనూ తీసుకోరు. విచారణని జపాన్ బృందం వచ్చే రోజునే, ఆ ఉదయానికే పెట్టారు. షామియానా ఎలాగూ వేస్తున్నారు కాబట్టి.

ముందురోజు బీచ్‌లో హైమవతి పిల్లల్ని కూర్చోబెట్టింది. "రేపు అక్షరాలు చూపించి అడుగుతారు. తెలిసింది తెలిసినట్టు చెప్పండి. నా గురించి ఆలోచించొద్దు. పొద్దున్న రాదని చెప్పి, మధ్యాహ్నం జపాన్ వాళ్ళ ముందు వచ్చునంటే మీకే చెడ్డపేరు."

"సరేనండి," అంది ఎస్తేరు. మరీ అంత బుద్ధిగా అనేసరికి హైమవతికి అనుమానం రావలసింది.

విచారణలో చక్రపాణి గారు మధ్యలో, సలహాదారులు చెరోవైపు కూర్చున్నారు. మందు అన్న అక్షరం రాసిన అట్ట ఎత్తి చూపించారు. మొదట ఎస్తేరు. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, తల ఒక పక్కకి వంచి చూసింది.

"ఏదో పందిరి కింద ఎవరో స్టవ్వు వెలిగిస్తున్నట్టుందండి."

హైమవతి లేచింది. "ఎస్తేరూ, నిజం చెప్పు."

"నిందితురాలు సాక్షులను ప్రభావితం చేయరాదు," అన్నారు చక్రపాణి గారు. "తర్వాత!"

సింహాచలం వచ్చాడు. "ప్రభండి. జాతరలో కడతారు కదా."

"మరి మంచం?"

"సెయ్యి తగిలిందండి. తమరి అదృష్టం."

మిగతావాళ్ళకి అందులో పీత, ట్రాన్స్‌ఫార్మర్, జడగంటలు, పక్కింటావిడ కనిపించాయి. ఒక్కరికీ మందు కనిపించలేదు. కంజి నేర్చుకునే పద్ధతుల మీద మాత్రం ఎంతసేపైనా మాట్లాడతామన్నారు. చక్రపాణి గారి ముఖం విప్పారింది. "విద్యార్థులలో ఏ ఒక్కరికీ ఏ ఒక్క అక్షరమూ రాదని ప్రత్యక్ష పరీక్ష ద్వారా నిర్ధారించడమైనది. ఉపాధ్యాయురాలు తమ విధులను అత్యంత సమర్థంగా నిర్వర్తించినట్లు ప్రశంసించడమైనది." ముగ్గురూ సంతకాలు పెట్టారు. హైమవతి బయటికొచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఉద్యోగం మిగిలింది. పిల్లలు దాన్ని కొనిచ్చింది తమ ఉద్యోగాలు పణంగా పెట్టి.

భోజనాలయ్యాక జపాన్ బృందం వచ్చింది. బృందమంటే ముఖ్యంగా మొరిషితా గారు. వృద్ధాశ్రమంలో పెద్ద నర్సు, తలంతా నెరిసిన సన్నటి మనిషి. హైమవతే దుబాసీ. పరబ్రహ్మం గారు రాత వైభవం మీద ప్రసంగించారు. రిత్విక్ తెర మీద రంగురంగుల వృత్తాలు చూపించాడు. మొరిషితా గారు ప్రతిదానికీ తల వంచి వింది. తర్వాత సంచిలోంచి ఒక అట్ట తీసింది. ఆస్పత్రిలో రోగి మంచానికి వేలాడదీసే అట్ట. దాన్ని ఎస్తేరు ముందు పెట్టింది.

"ఈయన మంచం దగ్గరికి మీరు భోజనం తీసుకొచ్చారు. అప్పుడిది చూశారు," అంది. హైమవతి తెలుగులో చెప్పింది.

ఎస్తేరు ఆ అట్ట వైపు చూసింది. ముందు వరసలో చక్రపాణి గారిని చూసింది, చివరికి హైమవతిని. ఇప్పుడు చదివితే మేడం దొరికిపోతుంది. చదవకపోతే తను పోతుంది.

హైమవతి చిన్నగా తలూపింది.

"జెస్షొకు," అంది ఎస్తేరు. తర్వాత జపాన్ భాషలోనే తడబడుతూ, "తిండి బంద్. పళ్ళెం వెనక్కి తీసుకుపోతాను. ఆయన ఆకలంటే పక్కన కూర్చుంటాను. ఎందుకు పెట్టకూడదో చెబుతాను," అంది.

మొరిషితా గారు మరో అట్ట తీసింది, సింహాచలం చదివాడు. ఇంకోటి, ఇంకొకరు చదివారు. అందరికీ అన్నీ రాలేదు. కొందరు తప్పులు చెప్పారు, ఒకామె స్నానాల గదిని శవాల గది అంది. అయినా చాలామంది నెగ్గారు. మొరిషితా గారు లేచి నడుం వంచి నమస్కరించింది. ఎస్తేరు కుర్చీలో కూర్చుండిపోయి చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

బృందం వెళ్ళిపోయాక చక్రపాణి గారు గది తలుపు వేయించారు. బల్ల మీద పొద్దుటి ఉత్తర్వు ఉంది. వీళ్ళకి ఒక్క అక్షరమూ రాదని ముగ్గురి సంతకాలతో చెబుతోంది. మధ్యాహ్నం విదేశీయుల ముందు వాళ్ళు అక్షరాలు చదివారు. హైమవతి ఇక చెప్పేద్దామని ముందుకొచ్చింది.

"సార్, అసలు జరిగిందేమిటంటే..."

"ఆగండి మేడం." ఆయన చెయ్యెత్తారు. "ఉత్తర్వు తప్పు కాదు. మా ముగ్గురి సంతకాలున్నాయి. కాబట్టి పొద్దున వాళ్ళకి రాదు. మధ్యాహ్నానికి వచ్చింది. మధ్యలో ఏం జరిగింది?"

అందరూ ఆలోచించారు.

"భోజనం," అన్నాడు రిత్విక్ మెల్లిగా.

చక్రపాణి గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ఏం వండారు?" అని అడిగారు చక్రపాణి గారు, గొంతు తగ్గించి.

మెస్సులో వంట చేసే రమణమ్మని పిలిపించారు. ఆవిడ వణికిపోతూ, ముద్దపప్పు, దొండకాయ వేపుడు, చారు, మజ్జిగ అని చెప్పింది. వేపుడులో ఉప్పు కాస్త ఎక్కువైన మాట నిజమేనని కాళ్ళ మీద పడబోయింది. ఆవిణ్ణి లేపి కుర్చీ వేశారు.

"దొండకాయే!" అన్నారు పరబ్రహ్మం గారు. "గట్టిగా ఉంటుంది. మళ్ళీ మళ్ళీ నమలాలి. అదీ అభ్యాసమంటే!"

"నో సార్, చారు," అన్నాడు రిత్విక్. "ప్రతి గుక్కలో ఒక ఫీలింగ్ ఉంది, ఒక స్టోరీ ఉంది."

ఆ వాదన ఇప్పటికీ తేలలేదు. అయితే ఈసారి చక్రపాణి గారు బోధన ఆపలేదు, రెండూ వడ్డించమన్నారు. "సమీకృత భోజన పద్ధతి" రాష్ట్రమంతా అమల్లోకి వచ్చింది. భాషా కేంద్రాల్లో క్లాసుగదులు తీసేసి వంటశాలలు కట్టారు. అన్ని శాఖలూ ఏదో ఒక కొర్రీ వేశాయి గానీ ఆర్థిక శాఖ మాత్రం వెంటనే ఒప్పుకుంది. వాళ్ళు కంజిని మొదటి నుంచీ గంజి అనే చదువుతున్నారు. దానికి వంటిల్లు కావాలంటే కాదనడానికి వాళ్ళకేమీ కనబడలేదు. రమణమ్మకి ఆచార్య హోదా ఇచ్చారు. హైమవతిని బోధన నుంచి తప్పించి వడ్డన పర్యవేక్షకురాలిగా వేశారు.

ఎస్తేరు విమానం ఎక్కింది. అక్కడి నుంచి మొదటిసారి ఫోన్ చేసినప్పుడు చాలాసేపు ఏడ్చింది. చలిగా ఉందనీ, సగం బోర్డులు ఇంకా అర్థం కావట్లేదనీ చెప్పింది. రెండోసారి చేసినప్పుడు ఎనభై దాటిన ఒకాయన రోజూ అన్నం తినేముందు తన చేతిలో ఒక కొత్త అక్షరం రాస్తున్నాడనీ, రాయకపోతే తినడనీ నవ్వుతూ చెప్పింది. ఆయన ఏ పద్ధతిలో నేర్పుతున్నాడని హైమవతి అడగలేదు.

ఆవిడకి కొత్త ఉద్యోగం బాగానే ఉంది. కంజి భోజనంతో వస్తుందని ప్రభుత్వమే ఒప్పుకుంది కాబట్టి, భోజనం ఎంతసేపు చెయ్యాలన్నది పర్యవేక్షకురాలి ఇష్టం. పన్నెండింటికి ఆకులు వేస్తే సాయంకాలం దాకా లేవనివ్వదు. పప్పు వడ్డించి, చారులో వేలు ముంచి, ఒక్కో ఆకు అంచున ఒక్కో అక్షరం రాస్తుంది. కథ చెప్పాల్సినచోట చెబుతుంది. పదిసార్లు రాయాల్సినచోట పిల్లలే చారు ముంచుకుని రాస్తారు. తనిఖీకి వచ్చినవాళ్ళు విస్తళ్ళు చూసి, పిల్లల బొజ్జలు చూసి, సంతృప్తికరమని రాసి వెళ్ళిపోతారు.

మొన్న మాత్రం చక్రపాణి గారు పెరట్లో చాలాసేపు నిలబడిపోయారు. అక్కడ పారేసిన విస్తళ్ళని రమణమ్మ మేకలు తీరిగ్గా నములుతున్నాయి. ఆయన వాటిని చూశారు, ఆకుల మీద ఆరిపోయిన అక్షరాల్ని చూశారు, ఆలోచనలో పడ్డారు. ఆ సాయంత్రం ఉత్తర్వు వచ్చింది. "సదరు మేకలను వచ్చే సెలెక్షన్ వరకు ఎవరికీ అమ్మరాదు."